నేను తీసేసిన అమావాస్య

మొయినాబాద్,
ఆదివారం మధ్యాహ్నం

అక్కకు,

నీ చెల్లెలు విజయ నమస్కారాలు. నువ్వు, బావ, పిల్లలు కులాసాగా ఉన్నారనీ, మీ అత్తగారి మోకాళ్లు కాస్త దారికొచ్చాయనీ తలుస్తాను. నా ఒంటికేమీ కాలేదు. జ్వరం లేదు, దగ్గు లేదు, తిండికి లోటు లేదు. ఉన్నదల్లా కోపం ఒక్కటే. అది వారం రోజులుగా తగ్గడం లేదు, కాస్త నీ మీద కూడా ఉంది.

ఫోను ఉండగా ఉత్తరమేమిటని నవ్వకు. ఫోన్లో మాట్లాడితే బావ స్పీకరు పెట్టమంటాడు. పెట్టాక నువ్వు ‘ఊ’ అనడం తప్ప ఇంకో మాట అనవు. ఈ కాగితం ముందు నువ్వొక్కదానివే చదువుకో, వంటింట్లో తలుపు దగ్గరగా వేసుకుని. తర్వాత బావకిస్తావో పొయ్యిలో పెడతావో నీ ఇష్టం.

ముందు మంచి కబుర్లు చెప్పేస్తాను, మళ్లీ ఆ ఓపిక ఉండదు. గది బాగుంది. ఇక్కడ కిరాయి అనాలి, అద్దె అంటే ఇంటాయన ఒక్క క్షణం ఆగి నా మొహం చూస్తాడు. బోరు నీళ్లకి జుట్టు పీచులా అయిపోయింది, వీలైతే మన గానుగ కొబ్బరినూనె ఒక సీసా పంపు. ఎండ గట్టిగానే ఉంది గానీ మన తణుకులోలా చెమట కారదు, ఆ ఒక్కటి సుఖం. సాయంత్రమైతే గండిపేట వైపు వెళ్లే కార్లకి అంతుండదు. రోడ్డు దాటాలంటే ఎవరో ఒక ముసలమ్మ వెనకాల నడుస్తాను, ఆమెకైతే ఆపుతారు. చేపల పులుసు తిని నాలుగు నెలలైంది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం తోచదు. పక్కింటివాళ్లు టీవీ పెడితే మాటలు విని అది ఏ సినిమానో పోల్చుకుంటుంటాను. ఏడవడం లేదు, కంగారు పడకు. పచ్చడి అందింది. దాంతోపాటు నువ్వు పంపిన కవరు కూడా అందింది. దాని సంగతికి తర్వాత వస్తాను.

నా ఉద్యోగమేమిటో నీకిప్పటికీ తెలీదు, అడిగినవాళ్లందరికీ ‘కంప్యూటరు’ అని చెప్పేస్తావు. ఇప్పుడు తెలియాలి. లేకపోతే నా కోపం నీకు అర్థం కాదు. మా కంపెనీ చేవెళ్ల, మొయినాబాద్, శంకర్‌పల్లి పక్క ఊళ్లలో రైతుల దగ్గర ఆకుకూరలూ కూరగాయలూ కొని గండిపేట అపార్టుమెంట్లకు ఇస్తుంది. ఏ వేళకి ఏ పని జరగాలో ఒక సాఫ్ట్‌వేరు చూసుకుంటుంది. దాన్ని షెడ్యూలర్ అంటాం. అందులో ఒక్కో పనిని ఒక్కో జాబ్ అంటాం. ఒక జాబ్ అయితేనే తర్వాతది కదులుతుంది. నువ్వు పప్పు నానకుండా రుబ్బవు కదా, అంతే.

సాయంత్రం నాలుగింటికి మొదటి జాబ్ ఆర్డర్లన్నీ కలుపుతుంది. అది అయ్యాక రెండోది రైతుల ఫోన్లకి మెసేజీలు పంపుతుంది, రేపు కొత్తిమీర ఇన్ని కట్టలు, బెండకాయ ఇన్ని కిలోలు అని. పొద్దున ఆరింటికి మూడోది ఏ బండి ఏ ఊరు వెళ్లాలో డ్రైవర్లకి చెప్తుంది. ఎనిమిదింటికి నాలుగోది ఎవరి సరుకు వచ్చిందో, ఎవరిది రాలేదో చూసి, రానివాళ్ల పేరు పక్కన ఒక గుర్తు పెడుతుంది. అలా మూడు గుర్తులు పడితే అయిదో జాబ్ ఆ పేరును జాబితాలోంచి కొట్టేస్తుంది. ఇక ఆ రైతుకి మెసేజీ రాదు, బండి రాదు. ఇదంతా మనిషి చెయ్యి పడకుండా జరిగిపోతుంది. నేనూ అంజయ్యా తెర ముందు కూర్చుని చూస్తుంటాం. సరిగ్గా అయినవి పచ్చగా, మధ్యలో ఆగినవి ఎర్రగా కనిపిస్తాయి.

అంజయ్య అంటే నా పక్క కుర్చీ మనిషి. ప్రొద్దుటూరు వాడు. కడప వైపు ఊరు కాదు, ఇక్కడే శంకర్‌పల్లి దగ్గర పల్లె. నలభై ఏళ్లుంటాయి. ఆరేళ్లు మా పాత సాఫ్ట్‌వేరును ఒక్కడే నడిపాడు. ఇంగ్లీషులో మెయిలు రాయమంటే తప్పించుకు తిరుగుతాడు గానీ, ఏ జాబ్ ఎందుకు ఆగిందో తెర చూడకుండానే చెప్పేస్తాడు. వాళ్లమ్మ మల్లమ్మ గారు కొత్తిమీర, పాలకూర పండిస్తారు. మా జాబితాలో ఆమె పేరూ ఉంది. నేను చేరిన రెండో వారం నుంచి అంజయ్య డబ్బాలో నాకని రెండు జొన్నరొట్టెలు ఎక్కువ వస్తున్నాయి. “ఆ పిల్ల ఒక్కతే ఉంటదంట గద, ఏం తింటదో ఏమో” అందట ఆమె. అప్పటికి నా మొహం కూడా చూడలేదు.

నేను రాకముందే పాత సాఫ్ట్‌వేరు తీసేసి కొత్తది పెట్టాలని హెడ్డాఫీసు నుంచి ఆజ్ఞ వచ్చింది. జాబులన్నీ అందులోంచి ఇందులోకి మార్చే పని నాది. నాకు ఆ అనుభవం ఉందనే ప్రసాద్ గారు నన్ను ఇక్కడికి పిలిపించారు. బావ స్నేహితుడు, మా మేనేజరు, నీకు తెలుసుగా. ఆయన ఒక రూలు పెట్టారు. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో రాసిలేని క్యాలెండర్లన్నీ తీసేయాలి. క్యాలెండరంటే గోడకి తగిలించేది కాదు. ఏయే రోజుల్లో జాబులు నడవకూడదో ఎక్కించిన తేదీల పట్టిక. అలాంటివి తొమ్మిది ఉన్నాయి. ఎనిమిదింటికి వివరం ఉంది. తొమ్మిదోదాని పేరు ‘బంద్’. నెలకొకటి చొప్పున తేదీలున్నాయి. వివరం రాయాల్సిన చోట ఖాళీ.

అడగకుండా తీసేశాననుకోకు. అడిగాను. గోదాము బయట చాయ్ బండి దగ్గర నిలబడి అంజయ్యనే అడిగాను.

“అవి అమాస తారీఖులు మేడం,” అన్నాడు. “అమాస నాడు ఈడ ఎవ్వరు చేన్ల చెయ్యి పెట్టరు. కూలోళ్లు రారు. బండి పోయినా ఉత్తగనే తిరిగొస్తది. గందుకే ఆ దినాలకు మెసేజ్ పోకుంట నేనే ఎక్కించిన. జర అది తీయకున్రి.”

నేను నవ్వాను అక్కా. “కంప్యూటర్‌కి కూడా అమావాస్యేనా అంజయ్య గారూ? అయితే రాహుకాలం కూడా ఎక్కించేద్దామా?” అన్నాను. పక్కనున్న మా ఆఫీసు వాళ్లిద్దరు పకపకా నవ్వారు. అంజయ్య గ్లాసులోకి చూసుకుంటూ “మీ ఇష్టం మేడం” అన్నాడు. ఆ రోజంతా నా హాస్యానికి నేనే మురిసిపోయాను. సాయంత్రం కూర్చుని, వివరం ఖాళీగా ఉంది కాబట్టి, రూలు ప్రకారం ఆ తొమ్మిదోది తీసేశాను.

మన తాతయ్య అమావాస్య నాడు ఎడ్ల మెడ మీద కాడి పెట్టేవాడు కాదు. నువ్వు ఆ రోజు బడి ఎగ్గొట్టి పాకలో ఆయన పక్కనే కూర్చునేదానివి, గుర్తుందా? నవ్వినప్పుడు నాకు గుర్తు రాలేదు. ఈ గొడవంతా అయ్యాక గుర్తొచ్చింది. ఎవరి ఊరి ఆచారమని నవ్వానో చూడు!

మొన్న అమావాస్య రానే వచ్చింది. అంజయ్య సెలవు పెట్టాడు, ఎందుకని కూడా అడగలేదు నేను. ఆయన బదులు పొద్దున ఆరింటికే వెళ్లి కూర్చున్నాను. ఈ కొత్తదాంట్లో హెడ్డాఫీసు వాళ్లు ఒక సౌకర్యం పెట్టారు. సరుకు లెక్క అందకపోతే అరగంట ఆగి ఆ జాబ్‌నే మళ్లీ నడుపుతుంది, మొత్తం మూడుసార్ల దాకా. నెట్ పోయినప్పుడు పనికొస్తుందట. ఎనిమిదింటికి నాలుగో జాబ్ నడిచింది. లెక్క లేదు, రైతులందరికీ ఒక గుర్తు. ఎనిమిదిన్నరకి మళ్లీ నడిచింది, రెండో గుర్తు. తొమ్మిదింటికి మూడోది. ఒక్క రోజు రానందుకు మూడు గుర్తులు! వెంటనే అయిదో జాబ్ లేచి ముప్ఫై ఎనిమిది పేర్లు కొట్టేసింది. నా తెర మీద మాత్రం అన్నీ పచ్చగా ఉన్నాయి. చెప్పిన పని చెప్పినట్టే చేశాయి మరి. “చూశారా, కొత్తది ఎంత శుభ్రంగా నడుస్తోందో” అని అలవాటుగా పక్కకి తిరిగాను. కుర్చీలో ఎవరూ లేరు.

పదింటికి గండిపేట నుంచి ఫోన్లు మొదలయ్యాయి. ఒక్క ఇంటికి ఆకుకూర అందలేదు. కిందకి పరిగెత్తాను. గోదాములో ప్లాస్టిక్ ట్రేలన్నీ బోర్లించి ఉన్నాయి. డ్రైవరొకడు వాటి మీద కూర్చుని బీడీ కాలుస్తూ, “అమాస నాడు ఎవడు పంపిండు మేడం మమ్ముల?” అన్నాడు. పంపింది ఎవరో నాకు అప్పుడే తెలిసింది.

మర్నాడు పొద్దున రైతులు గేటు దగ్గరికి వచ్చారు. ముందురోజు సాయంత్రం ఒక్కరికీ మెసేజీ రాలేదు, బండి రాలేదు. అయినా రోజూ కోసేదే కదా అని కోసి, ఆటోల్లో వేసుకుని తెచ్చారు. జాబితాలో పేరు లేనివాళ్ల దగ్గర సరుకు తీసుకోవడానికి లేదని వాచ్‌మన్ గేటు తియ్యలేదు. నేను బయటికి వెళ్లేసరికి, చేతిలో కొత్తిమీర కట్టలతో ఒకామె నన్ను ఎగాదిగా చూసింది.

“ఏం పిల్లా, నువ్వేనా విజయవు? రొట్టెలు తింటున్నవా?” అంది.

తింటున్నానన్నాను.

“మంచిగ తిను. గీ సంగతి చెప్పు బిడ్డా, మా పేర్లు ఎవరు కొట్టేసిన్రు? అమాస నాడు చేన్ల చెయ్యి పెట్టకుంటే తప్పా? మీ మిషిన్‌కు అమాస తెల్వదా?”

అంజయ్య నా వెనకే నిలబడి ఉన్నాడు. నేనే తీశానని అప్పటికి ఆయనకి తెలుసు, పొద్దున రాగానే చూసుకున్నాడు. ఒక్క మాట చాలు, ఆ ముప్ఫై ఎనిమిది మందీ నా మీద పడేవాళ్లు. “ఊకో అవ్వా,” అన్నాడు వాళ్లమ్మతో. “మిషిన్ కొత్తది. దానికి ఇంకా తెలుస్తలేదు.” ఆ కొత్తిమీర మధ్యాహ్నానికి గేటు దగ్గరే వాడిపోయింది.

ఇక మీ ప్రసాద్ గారి సంగతి. పేర్లు మళ్లీ ఎక్కించాలంటే హెడ్డాఫీసు ఒప్పుకోవాలి. వాళ్లు ఒప్పుకోవాలంటే ఏం జరిగింది, ఎవరి వల్ల జరిగింది అని రిపోర్టు వెళ్లాలి. నన్ను గదిలోకి పిలిచి, ముందే రాసి ఉంచిన కాగితం నా ముందు పెట్టారు. ‘అమావాస్య తేదీల గురించి అంజయ్య ఎవరికీ సమాచారం ఇవ్వలేదు. అందువల్లనే ఈ నష్టం.’ కింద నా సంతకానికి గీత.

“ఆయన చెప్పారండీ. నాకే చెప్పారు,” అన్నాను.

“కాగితం మీద ఉందా?”

“లేదు. చాయ్ బండి దగ్గర చెప్పారు.”

“మరింకేం! చాయ్ బండి దగ్గర చెప్పింది చెప్పినట్టు కాదమ్మా విజయా. చూడూ, నువ్వు మావాడి మరదలివి. మనలో మనకేంటి? ఆయన లోకల్ మనిషి, పొలముంది, పుట్రుంది, ఇంకోటేదో చూసుకుంటాడు. నువ్వు ఇంత దూరం వచ్చావు, ఉద్యోగం పోతే ఏం చేస్తావు? సంతకం పెట్టెయ్. ఆ కుర్చీ ఖాళీ అయితే మీ అక్క మరిది సురేషున్నాడుగా, తీసుకుందాం. మీ బావకి చెప్పేశాను కూడా.”

ఒళ్లు మండిపోయింది. మనలో మనమట! నాలుగు నెలలుగా ఈ ‘మనం’ ఒక్క పూట నాకు అన్నం పెట్టలేదు. ఒక్క ఆదివారం ఎలా ఉన్నావమ్మా అని ఫోను చేయలేదు. ఆయన ఇల్లు గండిపేటలోనే ఉంది, గుమ్మం దాకా కూడా పిలవలేదు. నాకు అన్నం పెట్టిందెవరు? మొహం కూడా తెలియని మనిషి. ఇప్పుడు ఆవిడ కొడుకు కుర్చీ లాగేసి మనవాడికి వేయాలట. పైగా నా చేత్తో! తప్పు చేసింది నేను, రూలు పెట్టింది ఆయన, ఒకే గుర్తును మూడుసార్లు పెట్టే తెలివి హెడ్డాఫీసుది. చెప్పాల్సింది చెప్పినవాడు ఒక్క అంజయ్యే. పోవాల్సింది కూడా ఆయనేనా?

ఆలోచించుకుని చెప్తానని బయటికొచ్చాను. గదికి వెళ్లేసరికి నీ పార్సిలు. ఆవకాయ డబ్బా, సురేష్ బయోడేటా, నీ చీటీ. ‘ప్రసాద్ గారు చెప్పినట్టు చెయ్యి, మొండికేయకు, వాడి జీవితం నిలబడుతుంది’ అని రాశావు. అక్కా, తెలిసే రాశావా? ఆ కుర్చీలో ఇప్పుడు ఒక మనిషి కూర్చుని ఉన్నాడని బావ నీకు చెప్పాడా? చెప్పకపోతే నీ మీద నాకు కోపం లేదు. చెప్పాక కూడా రాసి ఉంటే చాలా కోపం ఉంది. అమ్మ పోయాక నాకు జడ వేసి బడికి పంపినదానివి నువ్వు. పక్క పిల్ల పలక విరగ్గొట్టి నాది కాదు తప్పు అన్నానని, నన్ను చెయ్యి పట్టుకుని వాళ్లింటికి తీసుకెళ్లి నిజం చెప్పించినదానివి నువ్వే. ఆ అక్క ఈ చీటీ రాసిందంటే నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

మర్నాడు హెడ్డాఫీసుకు నా రిపోర్టు నేనే రాశాను. పెద్ద పెద్ద మాటలేం లేవు. తేదీల సంగతి అంజయ్య నాకు చెప్పారు. నేను నవ్వాను. నేనే తీసేశాను. గుర్తు పెట్టే జాబ్‌ని మళ్లీ మళ్లీ నడిపితే గుర్తులు పెరిగిపోతాయని మీరు చూసుకోలేదు, నేనూ చూసుకోలేదు. ‘నేను నవ్వాను’ అన్నది ఆఫీసు కాగితంలో ఎందుకని ఒకసారి కొట్టేశాను. మళ్లీ రాశాను. ప్రసాద్ గారికి చూపించకుండా నేరుగా హెడ్డాఫీసుకు పంపి, ఆయనకో కాపీ పెట్టాను. ఆయన నా బల్ల దగ్గరికొచ్చి, “మీ బావ మొహం చూసి ఊరుకుంటున్నాను. నీ సంగతి నెలాఖరుకి తేలుద్దాం,” అని వెళ్లిపోయారు. తేల్చుకోమను.

నిన్న ముప్ఫై ఎనిమిది పేర్లూ మళ్లీ ఎక్కాయి. నాలుగింటికి మెసేజీలు వెళ్లాయి. అంజయ్య జోలికి ఎవరూ రాలేదు. రిపోర్టులో ఏం రాశానో ఆయనకి చెప్పాను. మెచ్చుకుంటాడని ఎక్కడో ఆశ ఉంది నాకు, దాచడమెందుకు.

“మంచిగ రాసిన్రు మేడం,” అన్నాడు. “గని ఒక్కటి అడుగుత. ఆ దినం ఎందుకు నవ్విన్రు?”

“తెలీక,” అన్నాను.

“తెల్వకుంటే అడుగుతరు మేడం. నవ్వరు.”

అని తెర వైపు తిరిగాడు. కోపంగా కూడా అనలేదు, అందుకే మరీ తగిలింది. మధ్యాహ్నం డబ్బా విప్పితే నా రెండు రొట్టెలూ ఉన్నాయి. రెండూ తిన్నాను, వదిలేస్తే ఆమెకి తెలుస్తుందని.

ఆ తొమ్మిదో క్యాలెండరు మళ్లీ పెట్టాను. కొత్తదాంట్లో ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు అన్నవి నింపకుండా ముందుకి పోనివ్వదు. మొదటి గడిలో అంజయ్య పేరు రాశాను. రెండోదాంట్లో ఏం రాయమంటారని ఆయన్నే అడిగాను. ‘అమాస. చేన్ల చెయ్యి పెట్టం’ అన్నాడు. అక్షరం మార్చకుండా తెలుగులోనే ఎక్కించాను, హెడ్డాఫీసు వాళ్లు ఎవరితో చదివించుకుంటారో చదివించుకోనీ. తేదీలు మల్లమ్మ గారు ఫోన్లో చెప్పారు. ఒక నెలలో తిథి రెండు రోజుల మీద పడింది. ఏ రోజు పని ఆపుతారమ్మా అని అడిగాను. ఆమె విడమర్చి చెప్పింది, నేను రాసుకున్నాను.

సురేష్ బయోడేటా ఈ కవర్లోనే మడిచి పెట్టాను. నేను ఎవరికీ ఇవ్వలేదు, ఇవ్వను. ఆవకాయ మాత్రం ఉంచుకున్నాను, దాని మీద నాకే కోపం లేదు. సగం మల్లమ్మ గారికి పంపాను, “కారం ఎక్కువున్నది గని మస్తుంది” అన్నారట. నా గురించి ఫికర్ పెట్టుకోకు. ఈ ‘ఫికర్’ ఇక్కడి మాట, నోటికి పట్టేసింది. బాగానే ఉన్నాను, వేళకి తింటున్నాను, తలుపు గడియ వేసుకునే పడుకుంటున్నాను. పెళ్లి సంబంధాల సంగతి మాత్రం ఈసారి ఉత్తరంలో ఎత్తకు.

మీ అత్తగారికి, మామగారికి నా దండాలు చెప్పు. పిల్లలిద్దరికీ ముద్దులు. బావని అడిగానని చెప్పు, అడిగిన తీరు ఎలా ఉందో నువ్వే చెప్పుకో. నెలాఖరు దాకా నీ దీవెన నాకు కాస్త ఎక్కువే కావాలి. తిట్టాలనిపిస్తే తిట్టి రాయి, కానీ నువ్వే రాయి.

నీ జడ పిల్ల,
విజయ

తా.క. అంజయ్య కుర్చీ ఖాళీగా లేదు. నెలాఖరుకి నాది ఖాళీ అయితే కబురు పెడతాను, అప్పుడు సురేష్‌ని పంపు. కానీ బయల్దేరే ముందు వాడికి ఒక్క మాట చెప్పు. ఇక్కడ చాయ్ బండి దగ్గర ఎవరైనా ఏదైనా చెప్తే, వినమను.